తిరగ్గొట్టిన లాటు

మా ఆయనకు డిగ్రీ ఉందని ఆదోనిలో నమ్మినవాళ్లు ముగ్గురంటే ముగ్గురు. పాఠాలు మోసుకొచ్చిన పోస్టుమ్యాన్ గోవిందు, అవి చదువుతుంటే పక్కన కూర్చుని గొణుక్కున్న నేను, పరీక్షలు రాసిన ఆయన. ఆయనకైనా ఒక్కోసారి అనుమానంగానే ఉండేది.

ఆయన పేరు హబీబుల్లా. ఇంద్రసేనయ్య సావుకారు జిన్నింగ్ మిల్లులో కాటా దగ్గర తూకాలు రాసే పని. నేను షరీఫా బీని. మా నాన్న హుస్సేన్ సాబు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బేరాలు కుదిర్చే దలాలీ. అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని పోయాడు. ఆ గొంతు నాకొచ్చిందని మా అత్త అంటుండేది. మెచ్చుకుని అన్న మాట కాదు లెండి.

పత్తి మిల్లు అంటే చూడనివాళ్లకు తెల్లగా, మెత్తగా ఉంటుందనిపిస్తుంది. ఒక్క పూట లోపల నిలబడి చూడమనండి. మిషన్లు గింజను, దూదిని వేరు చేస్తుంటే నూగు లేచి గాలి కనపడకుండా కమ్ముకుంటుంది. కాటా ఆ మిషన్ల పక్కనే. సీజను మొదలైతే మా ఆయన కనుబొమలు, చెవులు, మీసం అన్నీ తెల్లబడి ఇంటికొచ్చేవాడు. వచ్చీ రాగానే పెరట్లో కూర్చుని దగ్గేవాడు. ఆ దగ్గు అయ్యాకే మంచినీళ్లు, ఆ తర్వాతే మాట. మొదట్లో సీజను అయిపోతే దగ్గూ పోయేది. తర్వాత్తర్వాత వానాకాలంలో కూడా అది ఇంట్లో మనిషిలాగా ఉండిపోయింది.

ఆ మిల్లు చివర్న ఒక గది ఉంది. దానికి అద్దాల తలుపు, లోపల ఫ్యాను, బల్ల, కుర్చీ. అది హెడ్ గుమాస్తా గది. ఎంత నూగు లేచినా లోపలికి పోదు. నాకు ఆ కుర్చీ మీద మోజు లేదు, ఆ జీతం మీద కూడా పెద్దగా లేదు. నాకు ఆ తలుపు మీద మోజు. నా మొగుడు దాని వెనకాల కూర్చుంటే చాలనుకున్నాను.

ముసలి హెడ్ గుమాస్తాకు చూపు మందగించిన ఏడు, సావుకారు ఒక మాటన్నాడు. ఇన్‌కంటాక్సువాళ్లు మాటిమాటికీ వచ్చిపోతున్నారు, ఇక ఆ కుర్చీలో డిగ్రీ చదివినవాడు ఉండాలి అని. మా ఆయన పీయూసీ పాసై, మా మామ చనిపోవడంతో చదువు ఆపి మిల్లులో చేరిన మనిషి. యూనివర్సిటీవాళ్లు పోస్టులో బి.కాం. చెబుతున్నారట, చదవమంటారా అని అడిగాడు. డిగ్రీ తెచ్చుకో, కుర్చీ నీదే అన్నాడు సావుకారు. ఊరికే అనలేదు. యార్డులో, లక్ష్మప్ప దలాలీ ముందర, తువాలు కింద చెయ్యి పట్టుకుని అన్నాడు.

మా యార్డు సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ రెండు ముక్కలు చెప్పాలి. సర్కారు వేలంపాటలు వచ్చినా పాత వ్యాపారులు అసలు బేరం తువాలు కిందే చేసేవాళ్లు. అమ్మేవాడి చేతి మీద, కొనేవాడి చేతి మీద ఒక తువాలు కప్పి, వేళ్లు నొక్కి రేటు చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. బేరం కుదిరితే మొత్తం చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. అంతే, సౌదా ఖాయం. కాగితం ఉండదు, దలాలీయే సాక్షి. ఆ మాట తప్పినవాడికి మర్నాడు ఎవడూ సరుకు చూపించడు. ఒక్కచోట మాత్రం సందుంది. శాంపిల్ ఒకటి చూపించి సరుకు ఇంకొకటి తెస్తే, కొన్నవాడు ఆ లాటును, అంటే ఆ బోరాల వరసను, తిరగ్గొట్టవచ్చు. కానీ తిరగ్గొట్టినవాడు మళ్లీ దాని మీద చెయ్యి పెట్టాడో, మొదట తానన్న రేటుకే తీసుకుని తీరాలి. బేరం లేదు, గడువు లేదు. ఒక వ్యాపారి ఇట్లాగే ధరలు పడిపోయిన రోజు పొరపాటున చెయ్యి పెట్టి, ఏడుపు ముఖంతో పాత రేటుకు కొన్నాడని మా నాన్న అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా చెప్పేవాడు. మాకు కూర కంటే ఆ కథే ఎక్కువ వడ్డించాడు.

తువాలు కింద మాట ఇచ్చాడని మా ఆయన చెప్పిన రోజు నేను ఇంకేమీ అడగలేదు. ఇక చదవడమే మిగిలిందనుకున్నాను.

పాఠాలు గోధుమరంగు కవర్లలో వచ్చేవి. గోవిందు సందు మొదట్లో సైకిలు దిగుతూనే కేక పెట్టేవాడు: "హబీబన్నా, నీ కాలేజీ వచ్చినాదప్పో!" సందంతా నవ్వేది. పోస్టు కాలేజీలో క్లాసు ఎగ్గొట్టి సినిమాకు పోయేదెట్లా అని పక్కింటి జొహరాబీ కొడుకులు అడిగేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నాకు ఒళ్లు మండేది. మీ కాలేజీకి మీరు నడుచుకుంటూ పోవాల, మా కాలేజీ మా ఇంటికే నడుచుకుంటూ వస్తాది అనేదాన్ని.

తెల్లవారుజాము నమాజు కాగానే పుస్తకం పట్టేవాడు. గట్టిగా చదివితేగాని ఆయనకు తలకెక్కదు. రెండు వాక్యాలు చదవడం, దగ్గడం, మళ్లీ మొదటి వాక్యం నుంచి చదవడం. రొట్టెలు కాలుస్తూ నేనూ వినేదాన్ని. సరిహద్దుల్లేని చదువని ఆ కవర్ల మీద ఏదో రాసి ఉండేదట. మా చదువుకు సరిహద్దులు బాగానే ఉండేవి. ఒక పక్క పొయ్యి, ఒక పక్క మిల్లు సైరను. పరీక్షలకు కర్నూలు పోవాలి. పోయిన రోజులకు జీతం కోతే. ఒక పేపరు పోయింది. మళ్లీ రాశాడు. అది పాసైతే ఇంకొకటి పోయింది. మూడేళ్ల చదువు ఐదేళ్లు పట్టింది. మానేయండి అని నేను అనని వారం లేదు. మానేశారా అని అడగని వారమూ లేదు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు డిగ్రీ చేతికొచ్చింది. గోవిందు ఆ రోజు సందు మొదట్లో కేక పెట్టలేదు. సైకిలు గోడకు ఆనించి, లోపలికొచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు. నేను మా ఆయన నోట్లో పంచదార పోశాను. ఇంట్లో అదే ఉంది.

మా ఆయన తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. సావుకారు భక్తుడని తెలుసు కాబట్టి, మంత్రాలయం పోయేవాళ్లెవరితోనో స్వామి ప్రసాదం తెప్పించుకుని, డిగ్రీ కాగితంతో పాటు పట్టుకుపోయాడు. ఆ తర్వాత అక్కడ జరిగింది ఆయన చెప్పలేదు. అక్కడే ఉన్న లక్ష్మప్ప చెప్పాడు.

సావుకారు ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. ఏ కాలేజీ అని అడిగాడు. కాలేజీ లేదు సావుకారూ, పోస్టులో చదివినానని మీకు తెలుసు గదా అన్నాడు ఈయన.

"పోస్టులో జాబు వస్తాది, మనియార్డరు వస్తాది. సదువెట్లా వస్తాదప్పా?" అన్నాడు సావుకారు. "నేను డిగ్రీ అంటే కాలేజీ డిగ్రీ అనుకుంటిని. శాంపిల్ ఒకటి, సరుకొకటి. సౌదా రద్దు."

మా ఆయన కాగితం వెనక్కి తీసుకున్నాడు. సావుకారు యార్డు మాటతోనే యార్డు మాట కొట్టేశాడు కదా. అప్పటిదాకా ముసలాయనే నెట్టుకొచ్చిన ఆ కుర్చీలోకి కర్నూలు కాలేజీలో చదివిన ఒక కుర్రవాడు వచ్చాడు. మా ఆయన ఆ తెల్లచొక్కాతోనే కాటా దగ్గరకు పోయి నిలబడ్డాడు. సాయంత్రానికి అది ఇంకా తెల్లబడి వచ్చింది. నేను దాన్ని దులపకుండా అట్లాగే దండెం మీద వేసి, ఆ రాత్రి అన్నం వండలేదు. కోపం ఎవరిమీదో తెలియక పొయ్యి మీద చూపించాను.

సరే, ఆదోనిలో కాకపోతే ఇంకొక ఊళ్లో అనుకున్నాం. ఎమ్మిగనూరులో మా చెల్లెలు జమ్రుద్‌బీ ఉంది. ఆమె ఇంటి దగ్గర కొత్తగా ఒక నూనె మిల్లు పెడుతున్నారని, లెక్కలు రాసేవాడు కావాలని కబురు చేసింది. ఇద్దరం బస్సులో పోయాం. నేను చెల్లెలి ఇంట్లో కూర్చున్నాను, ఆయన మిల్లుకు పోయాడు. దరఖాస్తులో 'చదివిన కాలేజీ' అని ఒక గడి ఉందట. ఏం రాయాలో తెలియక ఖాళీగా వదిలిపెట్టాడు. మేనేజరు వేలు ఆ గడి మీద పెట్టి, రెగ్యులరా కాదా అని అడిగాడట. కాదన్నాడు. పోస్టులో చదివినవాళ్లు ఎవరిచేతనైనా పరీక్ష రాయిస్తారని విన్నాను, అనుభవం కాగితమైనా ఉందా అన్నాడు మేనేజరు.

ఆ కాగితం కోసం మళ్లీ సావుకారు దగ్గరికే పోవాల్సి వచ్చింది. నీకు ఈడ ఏం తక్కువయిందని ఆడికి పోతావు, కాటాకు నమ్మకమైన మనిషి దొరకడం కష్టం అన్నాడు సావుకారు. ఇవ్వలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అదీ మా సావుకారు నీతి. సర్కారు ఉద్యోగాలకు ఆ డిగ్రీ చెల్లుతుందన్నారు. కానీ వాటికి ఆయన వయసు చెల్లలేదు.

ఎమ్మిగనూరు నుంచి తిరిగొస్తుంటే బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆయన ఒకే ఒక్క మాటన్నాడు. "కాలేజీకి పోయినోడు నిద్రపోయినా సదివినట్టే. నేను మేలుకొని సదివినా నిద్రపోయినట్టే." తర్వాత ఊరు వచ్చేదాకా దగ్గుతూనే ఉన్నాడు. కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆ కర్నూలు కుర్రవాడు ఏడాది తిరగకుండానే బ్యాంకు ఉద్యోగం వచ్చి పోయాడు. ఆ తర్వాత అనంతపురం నుంచి ఇంకొకడు వచ్చాడు. ఈ వేడికి, ఈ మోతకు నేనుండలేను బాబోయ్ అని వాడూ పోయాడు. మంచి కాలేజీలో చదివినవాడు ఈ మిల్లులో ఎందుకుంటాడు, మీరే చెప్పండి. పోయినవాళ్లు సగం చేసిపోయిన లెక్కలు ఎవరు సరిచేయాలి? సావుకారు సాయంత్రం పూట కాటా మూసేశాక మా ఆయన్ని ఆ గదిలోకి పిలిచేవాడు. కొంచెం చూసిపో హబీబూ అనేవాడు. ఆయన పోయి చూసేవాడు. బల్ల ఇవతల స్టూలు మీద కూర్చుని. కుర్చీ ఖాళీగా ఉన్నా స్టూలు మీదే. అందులో ఎందుకు కూర్చోరు అని నేనడిగితే, కూర్చోమని సావుకారు చెప్పలేదు అన్నాడు. ఈ మనిషిని ఏం చేయాలి? తలుపు లోపల పొద్దుగూకాక ఒక గంట, తలుపు బయట పగలంతా. నూగుకు ఆ లెక్క బాగానే సరిపోయింది.

మూడు సీజన్లు అట్లా పోయాయి. కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరు ఛాతీ ఫోటో తీసి, ఆ పని మానుకుంటేనే మంచిది అన్నాడు. మానుకుని ఏం తినాలో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు.

అప్పుడు వచ్చింది పట్టభద్రుల ఎన్నిక. శాసనమండలికి డిగ్రీ చదివినవాళ్లు మాత్రమే ఓటేసి ఒక మనిషిని పంపుతారని గోవిందే మాకు చెప్పాడు. పోస్టులో చదివినా, కాలేజీలో చదివినా ఒకటేనట. పేరు రాయించుకో అన్నా అని వెంటపడి రాయించాడు. నాకు నవ్వొచ్చింది. ఉద్యోగం ఇవ్వడానికి పనికిరాని చదువు ఓటు వేయడానికి పనికొచ్చిందన్నమాట.

ఒక సాయంత్రం మా సందులోకి కారు వచ్చింది. పిల్లలంతా దాని చుట్టూ మూగారు. ఇంద్రసేనయ్య సావుకారు దిగాడు, వెనకాల కర్నూలు వకీలు ఒకాయన దిగాడు, ఆ వెనక లక్ష్మప్ప దలాలీ. ఎన్నికల్లో నిలబడింది ఆ వకీలు. ఆదోని పట్టభద్రుల ఓట్లన్నీ వేయిస్తానని సావుకారు ఆయనకు మాటిచ్చాడట. యార్డు పన్నుల సంగతేదో ఆయనతో పని ఉంది. సావుకారు మా గడప తొక్కడం అదే మొదలు. మా ఆయన కంగారుగా మంచం మీద దుప్పటి మార్చి కూర్చోబెట్టాడు. నేను లోపలి గదిలో, పర్దా వెనకాల చాయ్ కాస్తున్నాను.

"ఈయన మా హబీబుల్లా, బి.కాం.," అన్నాడు సావుకారు వకీలుతో. "మా మిల్లు మనిషే. గ్రాడ్యుయేటు."

నా చేతిలో గంటె ఆగిపోయింది. మూడేళ్లుగా ఆ నోట్లోంచి రాని మాట అది. వకీలు మర్యాదకు, ఏ కాలేజీ అండీ అని అడిగాడు. మా ఆయన తల దించుకుని, కాలేజీ కాదు సార్, పోస్టులో అన్నాడు. దొంగతనం ఒప్పుకున్నట్టు చెప్పాడు.

"పోస్టయితే ఏమప్పా," అన్నాడు సావుకారు, ఆయన భుజం మీద చెయ్యి వేసి. "యాడ సదివినా సదువు సదువే గదా. స్టాంపు యూనివర్సిటీదే గదా."

చాయ్ పొంగి పొయ్యిలో పడింది. నేను దించలేదు. బయటివాళ్లు వచ్చినప్పుడు పర్దా వెనకనుంచి మాట్లాడే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ రోజు అలవాటు గురించి ఆలోచించే స్థితిలో నేను లేను.

"సావుకారూ," అన్నాను. "ఆ లాటు మీరు తిరగ్గొట్టింది. ఇప్పుడు మళ్లీ చెయ్యి పెడతాండారు. మొదటి రేటుకే తీసుకోవాల."

మా ఆయన "షరీఫా" అని మెల్లగా అన్నాడు, ఊరుకోమన్నట్టు. సావుకారు నవ్వాడు. ఎలక్షను కానీ తల్లీ, తర్వాత చూద్దాం అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను నేను చూడలేదా ఏం?

"గడువు లేదు. నేను హుస్సేన్ సాబు కూతుర్ని. యార్డు మాట నాకు సెప్పొద్దు. లక్ష్మప్పన్నా, మొదటిసారి తువాలు పట్టుకున్నప్పుడు నువ్వుంటివి గదా?"

లక్ష్మప్ప బతుకంతా సావుకార్ల చేతిలో ఉంది. నేను పర్దా అంచులోంచి ఆయన చేతులే చూస్తూ నిలబడ్డాను. బీడీ తీసి, ముట్టించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఆయమ్మ సెప్పింది నిజమే సావుకారూ," అన్నాడు. "నేనుంటిని. కుర్చీ అన్నారు. రేపు యార్డులో ఎవరైనా అడిగితే నేను లేదని సెప్పలేను."

వకీలుకు ఇదంతా అర్థం కాలేదు. ఏమిటి సంగతని అడిగితే లక్ష్మప్ప తువాలు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఆయన పగలబడి నవ్వాడు. ఖాళీగా ఉన్న కుర్చీయే కదండీ, ఇచ్చేయండి, లేకపోతే ఈ ఇంట్లో నాకు ఓటు పడేలా లేదు అన్నాడు. ఆయనకది వేడుక. సావుకారు ముఖంలో మాత్రం నవ్వు లేదు. మా ఇంటి గోడల వంక, తలుపు దగ్గర మూగిన జనం వంక చూశాడు. యార్డులో పేరు పోగొట్టుకోవడం కంటే ఒక కుర్చీ పోగొట్టుకోవడం చవక. ఆ లెక్క ఏ కాలేజీకీ పోకుండానే వేయగల మనిషి.

భుజం మీద తువాలు తీసి చేతి మీద కప్పుకుని మా ఆయన ముందుకు చాపాడు.

ఈయన ఆ చెయ్యి వంక చూస్తూ కూర్చున్నాడు. పట్టుకోండి, పట్టుకోండి అని నేను లోపల పళ్లు కొరుక్కుంటున్నాను. దగ్గు తెర ఒకటి వచ్చింది. అది తగ్గేదాకా సావుకారు చెయ్యి అట్లాగే చాపి ఉంచాడు. తర్వాత మా ఆయన తన చెయ్యి ఆ తువాలు కిందికి పోనిచ్చాడు.

వాళ్లు పోయాక నేను కొత్తగా చాయ్ కాచి తెచ్చాను. గెలిచానని నాకు గర్వంగానే ఉంది, దాచడం ఎందుకు. ఆయన గ్లాసు అందుకోలేదు.

"నన్ను పత్తి లాటు చేసినావు షరీఫా," అన్నాడు.

"కుర్చీ వచ్చిందా లేదా?"

"వచ్చినాది. సదువు సూసి ఇయ్యలేదు. తువాలు సూసి ఇచ్చినాడు." మంచం మీద దుప్పటి సర్దుతూ మళ్లీ అన్నాడు. "ఐదేండ్లు సదివినాను. ఒక్కసారైనా ఆ కాగితం సూసి, కూర్చో అప్పా అంటాడనుకుంటిని."

ఆయనకు కావలసింది ఆ మాట. నాకు కావలసింది ఆ తలుపు. ఇన్నేళ్లూ ఒక్కదాని కోసమే ఇద్దరం తంటాలు పడుతున్నామనుకున్నాను. పాపం అనిపించింది. అయినా, ఆ మాట కోసం కాచుకుని కూర్చుంటే ఆ మనిషికి ఊపిరి మిగలదు. ఆ సంగతి పైకి అనలేక గ్లాసు ఆయన చేతిలో పెట్టాను.

వకీలు ఓడిపోయాడు. సావుకారు మాత్రం మాట తప్పలేదు. మరుసటి నెల మొదటి తేదీన మా ఆయన ఆ గదిలో కూర్చున్నాడు. గోవిందు జాబులివ్వడానికి మిల్లుకు పోయి, అద్దంలోంచి ఆయనకు సలాము చేసి వచ్చాడట. ఎమ్మిగనూరు నుంచి మా చెల్లెలు వచ్చి ముద్దకూర వండిపెట్టి పోయింది. సందులో పిల్లలు ఎగతాళి మానేశారు. జొహరాబీ అయితే తన చిన్నకొడుకును పోస్టులో చదివిస్తే ఎట్లా ఉంటుందని నన్నే అడిగింది. ఆలోచించుకో అక్కా అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

నేను మధ్యాహ్నం బుర్ఖా వేసుకుని కారియరు పట్టుకుని పోయేదాన్ని. ఇదివరకు మిషన్ల గడప దగ్గర నిలబడి, ఆ తెల్లటి మనుషుల్లో మా ఆయన ఎవరో వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు వెతికే పని లేదు. అద్దం వెనకాల ఫ్యాను కింద కనిపించేవాడు. పాత తెల్లచొక్కా, దాని మీద ఒక్క నూగు పోగు లేదు. మీసంలో నల్ల వెంట్రుకలు నాలుగు ఇంకా ఉన్నాయని అప్పుడే చూశాను.

డాక్టరు దగ్గరికి మళ్లీ పోయాం. ఇప్పుడు దుమ్ములో లేడు డాక్టరుగారూ, గదిలో కూర్చుంటున్నాడు అని నేను సంబరంగా చెప్పాను. మంచిది అన్నాడు డాక్టరు. ఫోటో చూశాడు. ఈ పని రెండు మూడేళ్ల కిందట చేసి ఉంటే బాగుండేది అన్నాడు. లోపల పట్టింది ఇక పోయేది కాదట, ఎక్కువ కాకుండా చూసుకోవడమేనట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నామని నాకు అర్థమైంది. ఆయనకు ముందే తెలిసినట్టుంది. ఆసుపత్రి మెట్లు దిగుతూ, బస్సు ఉందో లేదో అన్నాడు. అంతే.

సావుకారును ఇప్పుడు తిట్టుకోవడానికి కూడా నాకు ఓపిక లేదు. ఆయన చెడ్డవాడేమీ కాదు. మా ఆయన లెక్కలు బాగా చూస్తున్నాడని యార్డంతా చెప్పుకుంటున్నాడట. పోస్టులో చదివినా ఎంత తెలివి చూడండి అంటున్నాడట. ఆ 'చదివినా' ఆయన నోట్లోంచి ఇక పోదు.

నిన్న మధ్యాహ్నం కారియరు తీసుకుని పోయాను. అప్పుడే రెండు బండ్ల పత్తి లోపలికి తోలారు. నూగు లేచి కళ్లు కనపడటం లేదు. సావుకారు ఆ గదిలోంచి బయటికొస్తూ, వెనక్కి తిరిగి ప్రేమగానే అన్నాడు.

"తలుపు బిగించుకో హబీబూ. దుమ్ము వస్తాండాది, నీకు పడదు."

మా ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల పట్టుకుని నడిచి వచ్చి, తలుపు గట్టిగా వేసుకున్నాడు. నన్ను చూశాడు, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. అటు తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. మిషన్ల మోతలో కూడా ఆ మూసిన తలుపులోంచి నాకది వినిపిస్తూనే ఉంది. కారియరు కింద పెట్టి, అది ఆగేదాకా బయటే నిలబడ్డాను.